కాలు తీస్తే ఆగే బండి

మా పికప్పు నా చేతిలోనే ఆగిపోతుందని, మామగారి చేతిలో ఆగదని మా ఇంట్లో తీర్మానం అయిపోయింది. తీర్మానించినవాళ్లలో ఎందుకు ఆగుతుందో చూద్దామని బానెట్ ఎత్తినవాళ్లు ఒక్కరూ లేరు. ఎత్తే అధికారం మామగారొక్కరికే ఉంది, ఆయనేమో చూడాల్సిందేమీ లేదన్నారు. బండికి ఏ రోగమూ లేదట, రోగమంతా నా కాలిలోనే ఉందట. ఆ మాట విన్నప్పుడు నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

మాది బట్టలుతికే షెడ్డు. ఇంటి వెనకే ఉంటుంది. పెద్దాసుపత్రి దుప్పట్లు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గుడ్డలు, రెండు లాడ్జీల తువ్వాళ్లు మా దగ్గరికి మురికిగా వచ్చి మడతలుగా వెళతాయి. మిషన్లు మా ఆయన చూసుకుంటారు. మడతల పని అత్తగారిది. ఇస్త్రీకి ముగ్గురు మనుషులున్నారు. బండి మాత్రం మొదట్నుంచీ మామగారిది. మోకాళ్లు పట్టేసి ఆయనకు క్లచ్చి తొక్కడం కష్టమయ్యాక, ఇక తోలేదెవరన్న ప్రశ్న వచ్చింది. మా ఆయనకు స్టీరింగు పట్టుకుంటే అరచేతులు తడిసిపోతాయి. పక్కనుంచి సైకిలు వెళ్లినా బ్రేకు మీద నిలబడతారు. అలా ఆ సీటు నా దగ్గరికి వచ్చింది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు, ఇంకెవరూ లేక ఇచ్చారు.

నేర్చుకున్నాను. లైసెన్సు తెచ్చుకున్నాను. ఆసుపత్రి వెనక గేటు దగ్గర ఒక పక్క గోడ, ఇంకో పక్క ఆక్సిజన్ సిలిండర్ల బోను ఉంటాయి. ఆ ఇరుకు సందులోకి బండిని వెనక్కి పోనివ్వడం, అక్కడి లోడర్లే మెచ్చుకునేటట్టు నేర్చుకున్నాను. పొద్దున్నే మూటలు వెనక వేయించి, కిటికీ అద్దం దించి, ఊరు ఇంకా ఆవులిస్తుండగా రోడ్డెక్కితే ఆ రోజంతా నాదే అనిపించేది. పెళ్లయ్యాక నాది అనిపించినవి చాలా తక్కువ, అందులో ఆ సీటొకటి. అందుకే చెబుతున్నాను, వాళ్లు లాక్కున్నది తాళం ఒక్కటే కాదు.

గొడవ సిగ్నళ్ల దగ్గర మొదలైంది. గేరు న్యూట్రల్లోకి తీసి, బ్రేకు మీద కాలు పెట్టి పచ్చలైటు కోసం చూస్తుంటే ఇంజిన్ సన్నగా వణికేది. మీటరు ముల్లు కిందికి జారేది, కాస్త ఎగిరేది, మళ్లీ జారి పడిపోయేది. బండి ఆగిపోయేది. వెనక హారన్లు. తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు వెంటనే అందుకునేది. కొన్నిసార్లు ఎంత తొక్కినా పలక్కుండా, మీటరు పక్కన పసుపు దీపం వెలిగించుకుని, కాళ్లీడ్చుకుంటూ నడిచేది. ఒకరోజు చౌరస్తా నడిమధ్యన ఆగిపోతే ట్రాఫిక్ పోలీసు వచ్చి, తోలడానికి ఇంట్లో మగవాళ్లెవరూ లేరా అని అడిగాడు. ఉన్నారు, ఇంట్లోనే ఉన్నారని చెప్పాను.

మెకానిక్కుకు చూపిద్దామని ఇంట్లో మొత్తుకున్నాను. మామగారు చెవిన వేసుకోలేదు. తాళం తీసుకుని తనే బజారుదాకా వెళ్లి తిరిగొచ్చారు. బండి ఎక్కడా ఆగలేదు. మర్నాడు ఆసుపత్రిదాకా వెళ్లొచ్చారు. అప్పుడూ ఆగలేదు. ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. నేరుగా ఇస్త్రీ బల్లల దగ్గరికొచ్చి, అందరూ వింటుండగా చెప్పారు.

"బండికేం రోగం లేదు. నా వయసంతా బండ్ల మీదే గడిచింది, ఆమాత్రం తెలీదా నాకు. తోలే కాలు సరిగా లేదు, అంతే."

ఇస్త్రీవాళ్లలో ఒకడు తలొంచుకుని నవ్వాపుకున్నాడు. అత్తగారు దుప్పటి మడత దులిపి మళ్లీ మడిచారు. మా ఆయన డ్రైయర్ తలుపు తెరిచి పట్టుకుని అక్కడే ఉన్నారు. తాళం మామగారి చొక్కా జేబులోకి వెళ్లిపోయింది.

తర్వాత మా గదిలో మా ఆయన నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. కొన్నాళ్లు నాన్న తోలతాడట. ఆయన మోకాళ్లు ఎక్కువ రోజులు ఆగవు కాబట్టి, ఒకటో తారీఖు నుంచి జీతానికి ఒక డ్రైవరు వస్తాడట, మాట్లాడేశారట. నేనేమో అత్తగారితో కూర్చుని మడతలు పెట్టుకుంటూ నీడపట్టున ఉండొచ్చట. ఒక్కసారైనా నా పక్కన కూర్చుని నేనెలా తోలతానో చూశారా అని అడిగాను. "నాన్న చేతిలో ఆగట్లేదుగా మరి" అన్నారు.

ఆ మాటే నన్ను తినేసింది. ఎందుకంటే అది నిజం. ఆయన చేతిలో ఆగడం లేదు. అబద్ధమైతే ఎదురు తిరిగి కడిగేసేదాన్ని, నిజంతో ఏం పోట్లాడను? వంటింట్లో ఎవరూ లేనప్పుడు స్టూలు మీద కూర్చుని, కుడికాలు ఎత్తి దించి చూసుకున్నాను. నా కాలి మీద నాకే అనుమానం పుట్టించారు. ఆ ఒక్కదానికి మాత్రం వాళ్లని ఎప్పటికీ క్షమించలేననుకున్నాను.

ఆసుపత్రి స్టోరులో మూటలు అప్పగించేది నేనే కాబట్టి పక్కసీట్లో కూర్చుని వెళ్లక తప్పలేదు. మొదట్లో మూతి ముడుచుకుని కిటికీలోంచి బయటికే చూసేదాన్ని. ఒకరోజు సిగ్నల్ దగ్గర విసుగొచ్చి తల ఇటు తిప్పాను, చూపు ఆయన కాళ్ల మీద పడింది. చేతిబ్రేకు వేసి ఉంది. గేరు న్యూట్రల్లో ఉంది. ఆయన కుడికాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉంది. జోలపాడేటప్పుడు తొట్టి ఊపినట్టు, మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉన్నారు. బండి గుర్రుమంటూ ఉంది. తర్వాతి సిగ్నల్ దగ్గరా అంతే. గేటు దగ్గరా అంతే. ఇంటినుంచి బయల్దేరి మళ్లీ ఇంటికొచ్చేదాకా ఆయన ఆ కాలు తీసినట్టు నేను చూడలేదు.

కాలెందుకు తియ్యరని అడిగాను. ఇంజిన్‌ని నిద్రపోనివ్వకూడదన్నారు. ఈ పికప్పుకు ముందు మా దగ్గరున్నది పాత డీజిల్ వ్యాను. కాలు తీస్తే అది పడుకునేదట, పడుకుంటే నలుగురు తోస్తేగానీ లేచేది కాదట. వ్యాను ఎప్పుడో తుక్కు కొట్టుకు పోయింది, దాని భయం మాత్రం ఆయన కాలిలో ఉండిపోయింది. ఒక్కసారి, ఒక్క సిగ్నల్ దగ్గర, కాలు పక్కకి పెట్టి చూడమన్నాను. నడిరోడ్డు మీద చొక్కా విప్పమన్నట్టు నావైపు చూశారు.

ఊరుకున్నాను. ఊరుకోవడం నా ఒంటికి పడదు, అయినా ఊరుకున్నాను. ఆ మరుసటి రోజు ఆసుపత్రి వెనక గేటు దగ్గర నేను రెండు చేతులా దుప్పట్ల మూట ఎత్తుకుని బండి వెనక నిలబడి ఉన్నాను. లోడరు ఒకడు మా బండికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. మామగారికి బండిని ఎవరైనా ముట్టుకుంటే ఒళ్లు మండుతుంది. ఇంజిన్ ఆపకుండానే దిగి వాడి మీదికి ఒంటికాలి మీద లేచారు. ఆయనక్కడ అరుస్తుండగానే బండి వణికింది, గొంతు తగ్గించుకుంది, ఆగిపోయింది.

మామగారు గిరుక్కున తిరిగి నన్ను చూశారు. "తాళం ఎందుకు తిప్పావమ్మాయ్?" అన్నారు.

నేను బండి వెనక ఉన్నాను. నా గడ్డందాకా దుప్పట్లున్నాయి. తిట్లు తింటున్న లోడరుకే జాలేసి, "ఆవిడ చేతులు ఖాళీగా లేవు బాబాయ్" అన్నాడు. నేను మూట దింపాను. అంత కోపంలోనూ నా గొంతు చల్లగా వచ్చింది, అది నాకే ఆశ్చర్యం.

"ఇప్పుడు మీ కాలూ లేదు, నా కాలూ లేదు మామయ్యగారూ. ఇక మిగిలింది బండి ఒక్కటే" అన్నాను.

అక్కణ్నుంచి మెకానిక్కు దగ్గరికే వెళదామన్నాను. ఆయన ఎక్కి తాళం తిప్పారు. దారిలోంచే మా ఆయనకు ఫోను చేసి రమ్మన్నాను.

ఆ మెకానిక్కుని వీధిలో అందరూ నిదానం అంటారు. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. గొడుగులు బాగుచేసేవాడి కొట్టుకీ, పాత టైర్ల గుట్టకీ మధ్య రేకుల షెడ్డు ఆయనది. ఎదుటివాడు చెప్పేది సగం విని సగం మింగుతాడు, బండి చేసే చప్పుడు మాత్రం పూర్తిగా వింటాడు. ముందుగా ఒక చిన్న పరికరం తెచ్చి స్టీరింగు కింద గుచ్చాడు. అది ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ దగ్గర తేడా ఉందని చూపించింది. అది చోటు చెబుతుందిగానీ కారణం చెప్పదని గొణుక్కుంటూ, బానెట్ ఎత్తి గాలిగొట్టం క్లిప్పులు వదులు చేశాడు. అప్పటికి మా ఆయన మోటార్‌సైకిల్ మీద వచ్చి చేరారు.

గొట్టం ఊడదీశాక టార్చి వేసి నన్ను రమ్మన్నాడు. గుప్పెడంత అల్యూమినియం గొట్టం, అందులో డబ్బా మూతలాంటి గుండ్రటి రేకు. మనం యాక్సిలరేటర్ తొక్కితే ఒక చిన్న మోటారు ఆ రేకుని తిప్పుతుందట, ఇంజిన్‌లోకి గాలి పోతుందట. కాలు తీస్తే రేకు దాదాపు మూసుకుంటుందట. వెంట్రుకవాసి సందు మాత్రం మిగులుతుందట, నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఊపిరి పీల్చేది ఆ సందులోంచేనట. ఆ సందు ఎక్కడుందని అడిగాను. లేదు అన్నాడు. రేకు చుట్టూ నల్లటి జిడ్డు గడ్డకట్టి, అడుగంటిన గిన్నెలా ఉంది.

కాలు తొక్కి ఉంచితే రేకు తెరిచే ఉంటుంది కాబట్టి జిడ్డున్నా బండి ఆగదు. కాలు తీస్తే ఊపిరాడక చస్తుంది అన్నాడు. ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకాస్త గట్టిగా చెప్పమన్నాను.

"అయితే ఇది కాలు తీసేవాళ్ల చేతిలోనే ఆగుతుందన్నమాట" అన్నాను.

"తియ్యాలి కదమ్మా. నిలబడిన బండిలో కాలు తియ్యకుండా ఎవరు తోలతారు?" అన్నాడు నిదానం.

మామగారు టైర్ల గుట్ట వైపు శ్రద్ధగా చూడసాగారు. మా ఆయన పెట్రోలు మంచిది కాదేమో, ఈ మధ్య అన్నీ కల్తీయే కదా అని మొదలుపెట్టారు. తప్పు నాది కాదని తేలిన మరుక్షణం అది పెట్రోలు బంకువాడి మీదికి పోవడం చూడండి. నిదానం ఆ జిడ్డుని వేలికి రాసుకుని, రెండు వేళ్ల మధ్య సాగదీశాడు. సన్నటి పోగులు సాగాయి. ఇది పెట్రోలు పని కాదు, ఇందులో నూగుంది అన్నాడు. అని, పక్కనున్న ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీశాడు.

లోపల కాగితం మడతలుండాల్సిన చోట నల్లటి పరుపు ముక్కలాంటిది ఉంది. నూనె ఓడుతోంది. దాని మీద బూడిదరంగు నూగు మందంగా అంటుకుని ఉంది. ఆ నూగు నాకు తెలుసు. మా డ్రైయర్ గొట్టంలోంచి వచ్చి, రోజూ నా జుట్టులో చేరేది అదే.

దీనికి నూనె ఎవరు పోశారని నిదానం అడిగాడు.

"నేనే. ప్రతి ఆదివారం పోస్తా. పాపం, ఎప్పుడు చూసినా ఎండిపోయి ఉండేది" అన్నారు మామగారు. ఆయన గొంతులో గర్వం తప్ప ఇంకేమీ లేదు.

పాత వ్యాను ఫిల్టర్‌కి అడుగున నూనె గిన్నె ఉండేదట. గాలిలో దుమ్ము ఆ నూనెలో పడి ఆగేదట. వారానికోసారి గిన్నె కడిగి కొత్త నూనె పోయడం ఆయనకు ఒక సేవ. ఈ బండిది కాగితం ఫిల్టర్, పొడిగానే ఉండాలి. ఆయన దాన్ని కూడా తడిపారు. తడిసిన కాగితం నూనెని లోపలికి పంపింది, నూనె నూగుని పట్టుకుంది. మంచు పడకుండా, ఇంజిన్ వెచ్చగా ఉండాలని రాత్రిపూట బండిని డ్రైయర్ గొట్టం పక్కనే పెట్టించేది కూడా ఆయనే. పొద్దున్నే అక్కడే స్టార్ట్ చేసి, గుర్రుమనిపించి, కడుపునిండా నూగు పీల్పించి నాకప్పగించేవారు. బానెట్ మీద చెయ్యి వెయ్యొద్దని నాకు ఎందుకు ఆర్డరేశారో అప్పుడర్థమైంది. దాచడానికి కాదు. నేను ముట్టుకుంటే పాడైపోతుందని.

నిదానం బ్యాటరీ తీగ తీసి పని మొదలుపెట్టాడు. ఇంతలో మామగారు సాయం చేద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ రేకుని తొయ్యబోయారు. నిదానం ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. లోపల ప్లాస్టిక్ పళ్లచక్రాలుంటాయట, బలవంతంగా తోస్తే పళ్లు విరిగి మొత్తం మార్చాల్సొస్తుందట. మందు నేరుగా కొట్టకుండా గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో అంచులు తుడిచాడు. మూలలకు మెత్తటి కుంచె వాడాడు. గుడ్డలు ఒకటొకటిగా నల్లబడ్డాయి. చివరికి అల్యూమినియం మెరిసింది. వెనకనుంచి టార్చి పెడితే రేకు పక్కన గోరు అంచంత వెలుగు కనిపించింది. అంత చిన్న సందు కోసం నన్ను అంత మాటలన్నారు.

గాలి కొలిచే తీగ కూడా కడిగి, పొడి ఫిల్టరు కొత్తది వేసి, అన్నీ బిగించాక నన్ను సీట్లో కూర్చోమన్నాడు. బండి ఇన్నాళ్లూ జిడ్డుకి అలవాటు పడిందట, ఇప్పుడు ఆ అలవాటు మాన్పించాలట. స్టార్ట్ చేశాక రేడియేటరు ఫ్యాను తిరిగి ఆగేదాకా ఎవరూ యాక్సిలరేటర్ ముట్టుకోకూడదన్నాడు. నేను రెండు కాళ్లూ పైకి లాక్కుని సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తాళం తిప్పాను. ఇంజిన్ ముందు పెద్దగా అరిచింది, తర్వాత దిగింది, వణికింది. మామగారు కిటికీ పట్టుకుని, ఒక్కసారి, ఒక్కసారి తొక్కమ్మాయ్ అని బతిమాలారు. నేను ముల్లు వైపే చూశాను. అది జారింది, తడబడింది, నిలబడింది. నిలబడే ఉంది. ఫ్యాను తిరిగింది, ఆగింది. ఇంజిన్ ఆగలేదు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, ఉక్రోషంతో.

మా ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "పోన్లే, ఇందులో ఎవరి తప్పూ లేదు. నాన్న ప్రేమకొద్దీ చేశాడు" అన్నారు.

చూశారా. నాదైనన్నాళ్లూ అది తప్పు. పెద్దాయనది కాగానే అది ప్రేమ, ఎవరి తప్పూ లేదు. మామగారు కూడా పెద్దమనసు చేసుకుని, ఇక నువ్వే తోలుకో అమ్మాయ్ అన్నారు. నేను ఆయన్ని ఒక్కటే అడిగాను. నా కాలు సరిగా లేదని ఎక్కడ చెప్పారో, ఎవరి ముందు చెప్పారో, ఇది కూడా అక్కడే చెప్పండి అన్నాను. మా ఆయన ఎర్రబడ్డారు. పనివాళ్ల ముందు పెద్దాయన్ని తలదించుకోమంటావా అన్నారు. నేను పనివాళ్ల ముందు తల దించుకున్నప్పుడు ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

ఇంటికి నేనే తోలుకొచ్చాను. షెడ్డు దగ్గర ఆపగానే, మామగారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగి, ఎవరూ చెప్పకుండానే ఇస్త్రీ బల్లల దగ్గరికి నడిచారు. ఇస్త్రీపెట్టెలు ఆగాయి.

"బండి ఆగింది అమ్మాయి వల్ల కాదు. నా వల్ల. నేను దాని నోట్లో నూనె పోశాను, ఆ తర్వాత కాలు తియ్యకుండా తోలాను. నా చేతిలో ఒక్కసారి ఆగి ఉంటే నాకు ముందే తెలిసేది. నేను ఆగనివ్వలేదు" అన్నారు.

అని, తన కుర్చీలో కాకుండా మూటల మీద కూలబడ్డారు. ఆ క్షణంలో ఆయన మీద నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం ఎవరి మీదో అప్పుడే తెలిసొచ్చింది.

వెనకే మోటార్‌సైకిల్ మీద వచ్చిన మా ఆయన డ్రైయర్ దగ్గర నా పక్కకి చేరి, నాన్న ఒప్పుకున్నాడుగా, ఇంకా ఆ మొహం దేనికని గొంతు తగ్గించి అడిగారు.

"మామయ్యగారికైతే కనీసం తన చేతిలో బండి ఆగలేదన్న సాకుంది. మీకేం కనిపించింది?" అన్నాను. "నా తప్పని నమ్మడానికి మీకు ఆయన మాటొక్కటి చాలింది. కాదని నమ్మడానికి బండి విప్పాల్సొచ్చింది."

ఒకటో తారీఖు నుంచి వస్తానన్న డ్రైవరుకు ఫోను చేసి రావద్దని చెప్పమన్నాను, ఎందుకు వద్దో కూడా చెప్పమన్నాను. జేబులోంచి ఫోను తీసి చేశారు. బండి బాగైందండీ, ఇక అక్కర్లేదు అన్నారు. నేను కదల్లేదు. అది కారణం కాదు. ఆయన నన్ను చూసి, ఇస్త్రీవాళ్లను చూసి, ఫోను ఇంకో చెవికి మార్చుకున్నారు.

"మా ఆవిడ బాగానే తోలుతుంది. మేమే పక్కన కూర్చుని చూడలేదు" అన్నారు.

లాడ్జీ తువ్వాళ్లు అప్పటికే ఆలస్యమయ్యాయి. మూటలు ఎక్కించమని చెప్పి నేను బండెక్కాను.